మూడు చక్రాల మోర్గాన్‌లో బెల్టు అరుస్తోందా? స్పానర్ పట్టే ముందు ఇవి చూడండి

ఏప్రిల్ వచ్చిందంటే ఈ ప్రశ్న మొదలవుతుంది. చలికాలమంతా గుడ్డ కప్పి గరాజ్‌లో ఉంచిన, వెనక ఒకే చక్రాన్ని బెల్టు తిప్పే ఇంగ్లిష్ కారు మోర్గాన్ త్రీ వీలర్‌ను ఇంగ్లండ్‌లో బయటికి తీసేది అప్పుడే. రెండో రోజుకే వెనక నుంచి కిచకిచమని శబ్దం. "బెల్టు వదులైనట్టుంది, ఎంత బిగించాలి?" అని అడుగుతారు. అడిగినవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే: ఇంకా ఏదీ బిగించకండి.

వదులైన బెల్టు శబ్దం చేస్తుంది, నిజమే. దుమ్ము పట్టిన బెల్టూ చేస్తుంది. పక్కకు ఒరుసుకునే బెల్టూ చేస్తుంది. మితిమీరి బిగించిన బెల్టు ఇంకా ఎక్కువ చేస్తుంది. పైగా అతిగా బిగిసిన బెల్టు బండి ఆగి ఉన్నప్పుడు కూడా బేరింగులను లాగుతూనే ఉంటుంది. బెల్టు పోతే బెల్టు ఖర్చుతో పోతుంది. బెవెల్ బాక్స్ (ఇంజిన్ శక్తిని బెల్టు వైపు మళ్లించే గేర్ల పెట్టె) బేరింగులు పోతే ఆ బాక్స్ మొత్తం దించాలి.

నా బండికి మొదటి ఏడాది ఇదే జరిగింది. ఒక గరాజ్‌లో రెండుసార్లు బిగించారు. రెండుసార్లూ నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ మొదలైంది. మూడోసారి ఇంకాస్త బిగించాక కిచకిచ పోయి ఊళ లాంటి శబ్దం వచ్చింది. అసలు కారణం వెనక చక్రం అర మిల్లీమీటరు వంకరగా కూర్చోవడం. అది కనిపెట్టడానికి కావలసింది ఒక చాక్‌పీసు, ఒక స్కేలు, ఒక గంట సమయం.

ఏ బండ్లకు ఇది పనికొస్తుంది

2011 నుంచి 2021 వరకు తయారైన మోర్గాన్ త్రీ వీలర్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ముందు 1983 సీసీ వీ-ట్విన్ ఇంజిన్, మధ్యలో మాజ్దా ఐదు గేర్ల గేర్‌బాక్స్, దాని వెనక శక్తిని అడ్డంగా మళ్లించే బెవెల్ బాక్స్, అక్కడి నుంచి పళ్ల బెల్టుతో ఒకే ఒక్క వెనక చక్రానికి. 2022లో వచ్చిన సూపర్ 3లో ఇంజిన్ మారి ఫోర్డ్ మూడు సిలిండర్లది వచ్చింది కానీ వెనక అమరిక అదే తీరు. అమెరికాలో పొలారిస్ స్లింగ్‌షాట్ నడిపే మనవాళ్లకు కూడా ఈ పరీక్షలన్నీ వర్తిస్తాయి. అందులోనూ వెనక చక్రాన్ని తిప్పేది బెల్టే. 1952 వరకు తయారైన పాత మోర్గాన్‌లకు గొలుసులు ఉంటాయి, వాటి సంగతి వేరు.

కావలసినవి

- మంచి జాకీ, బండి బరువు మోసే స్టాండ్లు, ముందు చక్రాలకు నాలుగు చెక్క దిమ్మెలు
- చాక్‌పీసు లేదా తెల్ల మార్కర్
- టార్చి, చిన్న అద్దం
- నేరుగా ఉండే స్టీలు స్కేలు
- స్ప్రే సీసాలో మామూలు నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్
- చేపలు తూచే కొక్కెం కాటా, లేదా బెల్టు టెన్షన్ (బిగుతు) కొలిచే గేజ్
- టార్క్ రెంచ్, యాక్సిల్ నట్టుకు స్ప్లిట్ పిన్ (నట్టు ఊడకుండా ఆపే పిన్ను) ఉంటే కొత్తది ఒకటి
- మీ మోడల్ హ్యాండ్‌బుక్
- శబ్దం రికార్డు చేయడానికి ఫోను

హ్యాండ్‌బుక్‌ను ఊరికే రాయలేదు. టెన్షన్ కొలత, యాక్సిల్ నట్టు టార్క్ (ఎంత బలంతో బిగించాలో), ఈ రెండూ మీ మోడల్‌కు ఇచ్చినవే తీసుకోండి. పక్కవాడి బండి అంకెతో మీ బండి బిగించవద్దు.

1. ఆపి ఉంచి వినండి

బండి నేల మీదే, న్యూట్రల్‌లో, చేతిబ్రేకు వేసి ఇంజిన్ స్టార్ట్ చేయండి. బండి కదలనప్పుడు బెల్టు కూడా కదలదు. కాబట్టి ఇప్పుడు వినిపించే ఏ శబ్దమూ బెల్టుది కాదు. తక్కువ స్పీడులో టకటకమంటూ, కాస్త రేజ్ చేస్తే తగ్గిపోతే ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండి కుదుపులను తగ్గించే కాంపెన్సేటర్‌ను అనుమానించాలి. క్లచ్ తొక్కితే మారే శబ్దం గేర్‌బాక్స్ వైపుది. ఇంత సులువైన పరీక్ష చేయకుండా నేరుగా వెనక చక్రం దగ్గరికి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

2. రోడ్డు మీద వినండి

ఖాళీగా ఉన్న, గోడల పక్కగా వెళ్లే రోడ్డు ఎంచుకోండి. గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. గంటకు 30 మైళ్ల వేగంలో క్లచ్ తొక్కి, న్యూట్రల్ చేసి బండిని దొర్లనివ్వండి.

ఇంజిన్ రేజ్ తగ్గినా శబ్దం అలాగే ఉండి, బండి వేగంతో పాటే తగ్గుతూ వస్తే అది చక్రంతో తిరిగే వస్తువుది: బెల్టు, స్ప్రాకెట్లు (బెల్టు ఎక్కి తిరిగే పళ్ల చక్రాలు; ముందుది బెవెల్ బాక్స్ షాఫ్టు మీద, వెనకది వెనక చక్రం మీద), చక్రం బేరింగు, బ్రేకు, బెవెల్ బాక్స్ బయటి షాఫ్టు. న్యూట్రల్‌లో ఉన్నా బెల్టు తిరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి. గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక స్వరం, వదిలినప్పుడు ఇంకో స్వరం వస్తే బెవెల్ గేర్ల వైపు చూడాలి. బండి కదిలేటప్పుడు, బరువు పడ్డప్పుడు మాత్రమే టప్ టప్ మని కొట్టినట్టు వస్తే బెల్టు పళ్లు స్ప్రాకెట్ మీద ఎగిరి దూకుతున్నాయేమో. అలాంటి బండిని ఇంటికి కూడా నడిపి తీసుకెళ్లవద్దు, అక్కడే ఆపేయండి.

సన్నటి జుమ్మనే శబ్దం కొంత ఉండటం మామూలే. వెనక స్ప్రాకెట్‌కు 60 పళ్లు, చక్రం చుట్టుకొలత 2 మీటర్లు అనుకుంటే, 30 మైళ్ల వేగంలో సెకనుకు సుమారు 400 సార్లు పన్ను వచ్చి గాడిలో పడుతుంది. ఆ మాత్రం స్వరం లేకుండా ఉండదు. భయపడాల్సింది కొత్తగా వచ్చిన శబ్దానికి, లయ ఉన్న శబ్దానికి.

3. లయ లెక్కపెట్టండి

నా దృష్టిలో మొత్తం పనిలో విలువైన భాగం ఇదే. ఎక్కువ మంది దాటేసేది కూడా ఇదే.

వెనక టైరు పక్క మీద చాక్‌పీసుతో ఒక గీత గీయండి. తోడుగా ఒకరిని పక్కన నడవమనండి. మీరు బండిని గంటకు 5 మైళ్లకు మించకుండా, మనిషి చురుగ్గా నడిచే వేగంలో పోనివ్వండి. ఆ వేగంలో చక్రం సెకనుకు ఒకసారికి కాస్త ఎక్కువగా తిరుగుతుంది. గీత కిందికి వచ్చినప్పుడల్లా తోడుగా ఉన్నవాళ్లు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టాలి. ఆ లెక్కతో పోల్చి శబ్దం ఎన్నిసార్లు వచ్చిందో మీరు వినండి.

ఉదాహరణకు ముందు స్ప్రాకెట్‌కు 30 పళ్లు, వెనకదానికి 60, బెల్టుకు 120 అనుకోండి. చక్రం ఒకసారి తిరిగితే ముందు స్ప్రాకెట్ రెండుసార్లు తిరుగుతుంది, బెల్టు సగం చుట్టే తిరుగుతుంది. కాబట్టి:

- చక్రం చుట్టుకు ఒకసారి శబ్దం వస్తే: వెనక స్ప్రాకెట్, చక్రం, బ్రేకు
- చుట్టుకు రెండుసార్లు వస్తే: ముందు స్ప్రాకెట్
- రెండు చుట్లకు ఒకసారి వస్తే: బెల్టులోనే ఒకచోట దెబ్బ ఉంది, లేదా రాయి ఇరుక్కుంది
- లయ లేకుండా ఒకే తీరుగా కీచుమంటే: దుమ్ము, లైను (బెల్టు స్ప్రాకెట్ల మీద నేరుగా నడవకపోవడం), టెన్షన్

మీ బండి పళ్లు మీరే లెక్కపెట్టి ఈ నిష్పత్తి వేసుకోండి. మొదలుపెట్టిన పంటి మీద చాక్ గుర్తు పెడితే లెక్క తప్పదు.

4. నీళ్లతో పరీక్ష

శబ్దం వస్తున్నప్పుడే బండి ఆపి, తాళంచెవి తీసి, బెల్టు లోపలి పళ్ల మీద, రెండు అంచుల మీద నీళ్లు చిలకరించండి. టైరు మీద, బ్రేకు మీద పడకుండా చూడండి. మెల్లగా వంద గజాలు పోనివ్వండి.

శబ్దం మాయమై, ఆరాక తిరిగొస్తే బెల్టు ఎక్కడో పొడిగా ఒరుసుకుంటోంది. దుమ్మయినా కావచ్చు, అంచు స్ప్రాకెట్ గోడకు తగులుతూ ఉండవచ్చు. నీళ్లు పోసినా రవ్వంత మారకపోతే బెల్టు మీద అనుమానం తగ్గించుకుని బేరింగుల వైపు వెళ్లండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నీళ్లు పనిచేశాయి కదా అని నూనె, గ్రీజు, చెయిన్ స్ప్రే కొట్టవద్దు. జిడ్డుకు ఇసుక అంటుకుని ఆకురాయిలా పనిచేస్తుంది, పళ్లను తినేస్తుంది. మన ఊళ్లలో పిండిమర బెల్టు జారితే జిగురు పట్టించడం చూసి పెరిగినవాళ్లు కొందరు అదే ఇక్కడా చేస్తుంటారు. ఆ పట్టా బెల్టు పట్టుతో లాగుతుంది కాబట్టి జిగురు పనికొస్తుంది. ఇది పళ్లతో లాగే బెల్టు, దీనికి జిగురుతో పనే లేదు.

5. వెనక భాగం లేపండి

సమతలంగా ఉన్న గట్టి నేల మీద ముందు చక్రాలు రెండింటికీ ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. ఇది తప్పనిసరి. చేతిబ్రేకు పట్టేది వెనక చక్రాన్నే కాబట్టి, ఆ చక్రం గాల్లోకి లేవగానే బండిని ఆపేది ఏదీ ఉండదు. హ్యాండ్‌బుక్‌లో చెప్పిన చోటే జాకీ వేసి, స్టాండ్ల మీద దించి, బండిని ఒకసారి ఊపి చూసుకోండి. గేరు న్యూట్రల్, చేతిబ్రేకు వదిలి, తాళంచెవి జేబులో.

ఇకపై చక్రం చేత్తోనే తిప్పాలి. బండి లేపి, గేరు వేసి, ఇంజిన్‌తో బెల్టు తిప్పుతూ దగ్గరికి వంగి చూడటం ఎప్పుడూ చేయకండి. చేత్తో తిప్పేటప్పుడు కూడా బెల్టు స్ప్రాకెట్‌లోకి వెళ్లే చోట వేళ్లు పెట్టవద్దు. బెల్టుకు జాలి లేదు, వేలిని లోపలికి లాక్కుపోతుంది.

ముందుగా చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగులాట ఉంటే, తిప్పినప్పుడు గరగరమంటే చక్రం బేరింగు సంగతి ముందు తేల్చాలి. ఊగే చక్రం మీద బెల్టు లైను సరిచేసినా ఆ లైను నిలవదు.

6. బెల్టు చూడండి

నైలాన్ బ్రష్‌తో పొడిగా శుభ్రం చేసి, చాక్ గుర్తు దగ్గర మొదలుపెట్టి మళ్లీ అదే గుర్తు వచ్చేదాకా ఒక్కో పన్నూ టార్చి వెలుగులో చూడండి. సగం చూసి వదిలేస్తే చూడనట్టే.

- పంటి మొదట్లో పగులు, పన్ను ఊడటం, లోపలి దారాలు బయటపడటం: బెల్టు మార్చాల్సిందే
- అంచు దారాలుగా చీరుకుపోవడం: మార్చాలి, లైను కూడా తప్పింది
- రాయి తగిలి అంచు దగ్గర గంటు: మార్చడమే మంచిది
- మధ్యలో చిన్న గుంట, దారం కనబడకుండా: గుర్తు పెట్టుకుని ప్రతి నెలా చూడండి
- పళ్లు మెరుపెక్కి నున్నగా ఉండటం: ఒక్కటే అయితే మార్చనక్కర్లేదు

రాయి ఇరుక్కుంటే చెక్క పుల్లతో తీయండి. స్క్రూడ్రైవర్‌తో మీటలా ఎత్తి తీయడం, బెల్టును మడవడం, మెలితిప్పడం చేస్తే లోపలి దారాలు విరుగుతాయి. విరిగినట్టు పైకి తెలియదు, కొన్ని వందల మైళ్ల తర్వాత రోడ్డు మీద తెలుస్తుంది.

7. స్ప్రాకెట్ల అరుగుదల

చాలామంది బెల్టును మాత్రమే చూసి ఆగిపోతారు. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త బెల్టు వేస్తే కొత్త బెల్టు కూడా త్వరగా అరుగుతుంది. తర్వాత "ఈ బెల్టుల నాణ్యత పోయింది" అంటారు.

కింద పడ్డ పొడి రంగు ముందు చూడండి. నల్లటి పొడి బెల్టుది. కొద్దిగా ఉంటే పర్వాలేదు, కుప్పగా ఉంటే ఒరుసుకుంటోంది. వెండి రంగు బూడిద అల్యూమినియం స్ప్రాకెట్‌ది. ముందు స్ప్రాకెట్ మధ్యలో, షాఫ్టు దగ్గర ఎర్రటి తుప్పు పొడి కనబడితే స్ప్రాకెట్ షాఫ్టు మీద సన్నగా కదులుతోంది, నట్టు వదులై ఉండవచ్చు. ఈ ఎర్ర పొడిని తుడిచేసి వదిలేయకండి, అది ఆలస్యం చేయకూడని గుర్తు.

ఇప్పుడు పళ్లు. ముదురు రంగు గట్టి పూత ఉన్న అల్యూమినియం స్ప్రాకెట్ అయితే ఆ పూత ఎంత మిగిలిందో చూడండి. పూత పోయి తెల్లటి లోహం బయటపడ్డ చోటి నుంచి అరుగుదల వేగం అందుకుంటుంది. గోరును పంటి పక్క మీద అడ్డంగా, బెల్టు నడవని అంచు నుంచి బెల్టు నడిచే చోటికి జరపండి. గోరు మెట్టులా తగిలితే లోహం అరిగిపోయింది. పళ్లు ఒకవైపే అరిగి కొక్కెంలా వంగి కనబడితే ఇక ఆలోచించాల్సింది లేదు.

చూపు మీద నమ్మకం లేకపోతే ఇంకో దారి ఉంది. ఒకే కోణం నుంచి అద్దం సాయంతో నాలుగు చోట్ల పళ్ల ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత అవే చోట్ల తీసి పోల్చండి. జ్ఞాపకం మోసం చేస్తుంది, ఫొటో చేయదు.

ముందు స్ప్రాకెట్‌ను చేత్తో ముందుకూ వెనక్కూ, లోపలికీ బయటికీ కదిపి చూడండి. షాఫ్టుతో పాటు కదిలితే బెవెల్ బాక్స్ బేరింగు వదులైంది, షాఫ్టు కదలకుండా స్ప్రాకెట్ మాత్రమే కదిలితే స్ప్రాకెట్ షాఫ్టు మీద కూర్చునే గాడుల అరుగుదల లేదా వదులు నట్టు. రెండింటిలో ఏది ఉన్నా పని తెలిసిన వర్క్‌షాప్‌కు ఇవ్వండి.

8. లైను

చక్రాన్ని బండి ముందుకు పోయే దిశలో పది చుట్లు తిప్పి బెల్టు ఎక్కడ నడుస్తోందో చూడండి. వెనక్కి తిప్పితే బెల్టు రెండోవైపుకు జరుగుతుంది, దాన్ని చూసి తీర్పు చెప్పవద్దు. బెల్టు అంచు స్ప్రాకెట్ గోడను తాకీ తాకనట్టు ఉంటే ఫర్వాలేదు, గట్టిగా నెట్టుకుంటూ నడవకూడదు. బెల్టుకూ గోడకూ మధ్య కాగితం ముక్క దూర్చి చూడండి. నలిగి చిరిగితే ఒత్తిడి ఉన్నట్టే.

సరిచేయాలంటే యాక్సిల్ నట్టు వదులు చేసి, యాక్సిల్‌ను జరపడానికి రెండువైపుల ఉండే అడ్జస్టర్లలో ఒకవైపుది మాత్రమే కదపాలి. అది కూడా నట్టు ముఖాల లెక్కన. 10 ఎంఎం బోల్టుకు మామూలుగా ఒక చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే ఆరు ముఖాల నట్టులో ఒక ముఖానికి పావు మిల్లీమీటరు. ఒక ముఖం తిప్పండి, పది చుట్లు తిప్పండి, చూడండి. తొందరపడి సగం చుట్టు తిప్పితే బెల్టు అటు పక్కకు వెళ్లి కూర్చుంటుంది, మళ్లీ మొదటికి వస్తారు.

9. టెన్షన్, అన్నిటి తర్వాతే

బండి పూర్తిగా చల్లారి ఉండాలి. రాత్రి నిలిపి పొద్దున్నే చూడటం ఉత్తమం. స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే కదిలే చెయ్యి) పైకి కిందికి కదిలితే రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం మారవచ్చు కాబట్టి, చక్రం గాల్లో ఉండి కొలవాలా, నేల మీద బరువుతో కొలవాలా అన్నది హ్యాండ్‌బుక్ చెప్పినట్టే చేయండి. ఇది పట్టించుకోకుండా గాల్లో బిగించి, దించాక రాయిలా మారిన బెల్టులు చాలా చూశాను.

కొలిచే దారులు రెండు. కాటాతో బెల్టు మధ్యలో చెప్పిన బరువుతో లాగి ఎంత కిందికి వచ్చిందో స్కేలుతో చూడటం ఒకటి. బెల్టును మీటి, ఫోను యాప్‌లో స్వరం కొలవడం రెండోది. ఇందులో ఒక మెలిక ఉంది: స్వరంలో 10 శాతం తేడా అంటే టెన్షన్‌లో దాదాపు 21 శాతం తేడా. కాబట్టి "అంకె దగ్గరగానే ఉంది కదా" అని వదిలేయకండి.

ఏ దారైనా చక్రాన్ని పావు చుట్టు చొప్పున తిప్పి నాలుగు చోట్ల కొలవండి. ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో అక్కడే సరిచేయాలి. వదులుగా ఉన్న చోట సరిచేస్తే బిగుతు చోట బేరింగు నలుగుతుంది. నాలుగు కొలతల మధ్య తేడా బాగా ఎక్కువైతే స్ప్రాకెట్ వంకరగా కూర్చుందని అర్థం, దాన్ని విప్పి మళ్లీ అమర్చాలి.

మార్చేటప్పుడు రెండు అడ్జస్టర్లనూ సమానంగా, ఒక్కో ముఖం చొప్పున తిప్పండి. యాక్సిల్ నట్టును టార్క్ రెంచ్‌తో బిగించి, ఆ తర్వాత లైను, టెన్షన్ రెండూ మళ్లీ కొలవండి. నట్టు బిగిసేటప్పుడు యాక్సిల్ జరుగుతుంది. ఈ రెండో కొలత వేయనివాళ్లే వారం తిరక్కుండా "సరిచేసినా మళ్లీ వచ్చింది" అని అడుగుతారు. స్ప్లిట్ పిన్ ఉంటే పాతది మళ్లీ వాడవద్దు.

10. ఫలితం సరిచూసుకోవడం

మొదట విన్న రోడ్డు మీదే, అదే వేగంలో, అదే గోడ పక్కన మళ్లీ రికార్డు చేయండి. ఫోను కూడా మొదట పెట్టిన చోటే ఉండాలి. రెండు రికార్డింగులు ఒకదాని వెంట ఒకటి వింటే తేడా తెలుస్తుంది. చెవి జ్ఞాపకంతో పోలిస్తే తెలియదు.

పది మైళ్లు నడిపాక ఆపి, తాళంచెవి తీసి, చక్రం మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి. ముందు చెయ్యి దూరంగా ఉంచి సెగ తగులుతుందేమో గమనించాకే ముట్టుకోండి. బ్రేకు వాడకపోయినా బాగా వేడెక్కితే బెల్టు అతిగా బిగిసిందేమో, బ్రేకు పట్టుకుపోయిందేమో చూడాలి. వంద మైళ్ల తర్వాత చల్లారిన బండికి టెన్షన్ మరోసారి కొలవండి. కొత్త బెల్టు అయితే ఈ కొలత తప్పించుకోకూడదు, మొదట్లో కాస్త సర్దుకుంటుంది.

శుభ్రం చేసి, లైను సరిచేశాక టెన్షన్ ముట్టుకోకుండానే శబ్దం పోయిందంటే ఇక ఏమీ చేయకండి. పోకపోతే, మూడో మెట్టులో మీరు వేసుకున్న లయ లెక్కను, రికార్డింగునూ వర్క్‌షాప్‌లో చూపించండి. "శబ్దం వస్తోంది" అంటే బిగిస్తారు. "చక్రం చుట్టుకు రెండుసార్లు వస్తోంది, నీళ్లకు మారలేదు, నాలుగు చోట్ల టెన్షన్ ఇది" అంటే ముందు స్ప్రాకెట్ విప్పుతారు.

మార్చిన పాత బెల్టు బాగానే ఉండి, దారి మధ్యలో అవసరానికి పనికొస్తుందని దాచుకుంటే, మడిచి సీటు వెనక కుక్కవద్దు. దాని సహజమైన గుండ్రటి ఆకారంలోనే, ఎండ తగలని చోట, వెడల్పాటి మేకుల జత మీద వేలాడదీయండి. దాని మీద తేదీ, అప్పటి మైళ్లు మార్కర్‌తో రాసి పెట్టండి.